మెట్టు లేని మూడు పెట్టెలు

మూడు పెట్టెల్లో నేను మెట్టు పెట్టలేదు. పెట్టానని కాగితం మీద రాసి సంతకం చేశాను.

మాది చిన్న వర్క్‌షాపు. ఒక పెద్ద గది, దాని వెనక సామాను పెట్టుకునే ఇరుకు గది. కోడిగుడ్లు పొదిగే పెట్టెలు తయారుచేస్తాం. మా ఆయనా, ఆయన తమ్ముడూ రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టిన చోటు అది. మా ఆయన పోయాక మరిది నడుపుతున్నాడు. కిటికీ పక్కనున్న బల్ల నాది. పదకొండేళ్లుగా అక్కడే కూర్చుని సోల్డరింగ్ చేశాను. కొత్తవాళ్లెవరొచ్చినా మరిది వాళ్లని నా బల్ల దగ్గరికి తీసుకొచ్చి, "ఇది మా వదిన చెయ్యి. దీనికి మళ్లీ చెకింగ్ అక్కర్లేదు" అని చెప్పేవాడు. నేను విననట్టే తల వంచుకుని పని చేసుకునేదాన్ని. ఆ పూటంతా ఆ మాటే నెమరేసుకునేదాన్ని.

పెట్టెలోకి కావలసిన బోర్డు మొదట్లో బయట కొనేవాళ్లం. మా కోడలు ఎలక్ట్రానిక్స్ చదువుకుంది. బస్సు నడిపే మా అబ్బాయిని చేసుకుని మా ఇంటికొచ్చిన రెండో ఏట, తనే ఒక బోర్డు గీస్తానని మరిదిని అడిగింది. ఆయన సగం నవ్వుతూ, సగం విసుక్కుంటూ సరేనన్నాడు. ఎనిమిది నెలలు కూర్చుని గీసింది. అదే ఆమె మొదటి బోర్డు.

దాని సంగతి ఆమె నాకు చెప్పిన రోజు బాగా గుర్తు. పెట్టె లోపల వేడినీ తేమనీ చూసే సెన్సర్ ఉంటుంది. బయటికి అంకెలు చూపించే డిస్‌ప్లే ఉంటుంది. రెండింటినీ నడిపే చిప్ ఉంటుంది. ఈ మూడూ మాట్లాడుకునేది ఒకే జత తీగల మీద.

"ఒకే తీగ మీద ముగ్గురు ఎలా మాట్లాడతారమ్మాయ్? మనింట్లో ముగ్గురం ఉంటేనే ఎవరి మాటా ఎవరికీ వినబడదు" అన్నాను.

"ఇక్కడ ఎవరూ అరవరు అత్తయ్యా. ఒక రెసిస్టర్ తీగని ఎప్పుడూ పైకి లాగి పట్టుకుని ఉంటుంది. మాట్లాడాల్సినవాళ్లు దాన్ని కిందికి లాగి వదిలేస్తారు. అంతే. పైకి తోసేవాళ్లు ఎవరూ ఉండరు."

"మరింకేం? అందరూ బుద్ధిమంతులే."

"పైకంటే ఎంత పైకి అన్నదే గొడవ. డిస్‌ప్లే అయిదు వోల్టులది. దాని వెనకున్న రెసిస్టర్ తీగని అయిదు వైపు లాగుతుంది. సెన్సర్ మూడు పాయింట్ మూడుది. అంతకు మించి లాగితే తట్టుకోలేదు. అలాగని వెంటనే చావదు. బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. కొన్నాళ్లకి చస్తుంది. అందుకే మధ్యలో ఇది పెట్టాలి."

అరచేతిలో గోరంత ఆకుపచ్చ ముక్క చూపించింది. దాని మీద మూడు కాళ్ల నల్ల చుక్కలు రెండు, అటూ ఇటూ ఇసుక రేణువుల్లాంటి రెసిస్టర్లు.

"ఇటు మూడు పాయింట్ మూడు, అటు అయిదు. ఎవరు కిందికి లాగినా రెండు వైపులా దిగుతుంది. వదిలేస్తే ఎవరి ఎత్తుకి వాళ్లు లేస్తారు."

"మెట్టు అన్నమాట."

"మెట్టే" అని నవ్వింది. ఆ రోజు నుంచి మా వర్క్‌షాపులో దాని పేరు మెట్టు. తయారీ కాగితంలో కూడా ఆమె అలాగే అచ్చు వేయించింది. ఒక్కో పనికి ఒక్కో గడి. పని పూర్తయ్యాక పక్కన "పెట్టాను" అని రాసి నేను సంతకం చెయ్యాలి. నాకు యాభై దాటాక అక్షరాలు దిద్దించింది ఆమే. ఆ కాగితాలు నింపడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఇక జరిగింది చెబుతాను. అంతకు ముందు నుంచే నా ఎడమ కంటికి పొర కమ్ముతోంది. పెద్ద తీగలు బాగానే కనిపించేవి. మెట్టు కాళ్లు మాత్రం ఒకదానిలో ఒకటి కలిసిపోయి మసకగా ఉండేవి. ఎవరికీ చెప్పలేదు. చెబితే కిటికీ పక్క బల్ల పోతుంది. మూతలు బిగించే పొడుగాయన పక్కన కూర్చోబెడతారు. ఆయన మంచివాడే. కానీ నేను మూతలు బిగించే మనిషిని కాననుకునేదాన్ని.

ఆ రోజు మధ్యాహ్నానికి తొమ్మిది పెట్టెలు పంపాలి. ఆరు అయ్యాయి. మిగిలిన మూడు మెట్లనీ వరసగా పాడుచేశాను. మొదటిదానికి సోల్డర్ పక్క కాలికి పాకింది. దాన్ని తియ్యబోతే కింద రాగి పొరే లేచొచ్చింది. కంగారులో మిగతా రెండింటికీ అదే గతి పట్టించాను. కొత్తవి రావడానికి రెండు రోజులు పడుతుంది. బయట వ్యాను వచ్చి నిలబడింది.

"వదినా, అయ్యిందా?" అని మరిది గుమ్మంలోంచి కేకేశాడు.

"అయిపోతోంది" అన్నాను.

అటువైపు సిగ్నల్ తీగలు రెండింటినీ ఇటువైపు వాటితో తిన్నగా కలిపేశాను. మధ్యలో ఏ మెట్టూ లేదు. మామూలుగా మెట్టు మీద తొడిగే నల్ల గొట్టాన్నే అతుకు మీద తొడిగి వేడి చేశాను. పైకి చూస్తే మిగతా వాటికీ దీనికీ తేడా తెలియదు. కరెంటు ఇస్తే అంకెలు వచ్చాయి. సెన్సర్ మీద వేలు పెడితే పెరిగాయి, తీస్తే తగ్గాయి. మూడూ అంతే. అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇప్పుడు రాయాలంటే తల కొట్టేసినట్టుంది. "చూశావా, ఆ మెట్టు లేకపోయినా ఏమీ కాలేదు. చదువుకున్నవాళ్లకి ప్రతిదానికీ ఒక ముక్క ఎక్కువ పెడితే గానీ తోచదు" అనుకున్నాను. "పెట్టాను" అని మూడు కాగితాల మీద గుండ్రంగా రాశాను. పాడైన మెట్లని ఏప్రాన్ జేబులో వేసుకుని, ఇంటికి వెళ్తూ దారిలో చెత్తకుండీలో పడేశాను.

మూడు వారాలు ఏమీ కాలేదు. నేను మరిచిపోయాను కూడా.

ఒక పొద్దున్న కోళ్లు పెంచే ఆవిడ పెట్టెని బండి మీద వేసుకుని వచ్చింది.

"ఏంటమ్మా, అప్పుడే పిల్లలన్నీ పెట్టలైపోయాయా?" అన్నాడు పొడుగాయన. ఎవరొచ్చినా ఆయన ఏదో ఒక వేళాకోళం ఆడతాడు. ఆవిడ నవ్వలేదు. లోపలికి వచ్చి, సంచిలోంచి ఒక గుడ్డు తీసి నా బల్ల మీద పెట్టింది. ఎందుకంటే గుమ్మం నుంచి మొదటి బల్ల నాదే. గుడ్డు పెంకు సగం ఒలిచి ఉంది. లోపల పిల్ల. తడి ఈకలు, మూసుకున్న కళ్లు, ముక్కు కూడా వచ్చేసింది.

"పదిహేడో రోజు" అంది. "మొన్న లైటు పెట్టి చూస్తే అన్నీ కదులుతున్నాయి. నిన్న పొద్దున చెయ్యి పెడితే చురుక్కుమంది. డిస్‌ప్లే మీద మాత్రం ముప్పై ఏడున్నర అనే ఉంది. అది చూసే కదమ్మా నేను రాత్రి నిద్రపోయింది?"

కోడలు పెట్టెని తన బల్ల మీద పెట్టించి, వెనక పలక విప్పింది. నేను సోల్డరింగ్ ఐరన్‌ని పట్టుకుని ఉన్నాను. పట్టుకున్నానని కూడా తెలియలేదు. అరగంటకి ఆమె తలెత్తింది.

"సెన్సర్ చచ్చిపోయింది. చివరగా చెప్పిన అంకె దగ్గరే డిస్‌ప్లే ఆగిపోయింది. హీటర్ ఆగలేదు." ఆవిడ వైపు తిరిగింది. "సెన్సర్ మాట్లాడటం మానేస్తే హీటర్ కూడా ఆగిపోవాలండీ. ప్రోగ్రాములో ఆ సంగతి నేను రాయలేదు. తప్పు నాదే."

"నీ తప్పని చెబితే నా గుడ్లు పిల్లలవుతాయా?" అంది ఆవిడ. కోపంగా కూడా కాదు, అలిసిపోయిన గొంతుతో. పెట్టె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. గుడ్డు నా బల్ల మీదే ఉండిపోయింది. చివరికి పొడుగాయనే దాన్ని ఒక కాగితంలో చుట్టి బయటికి తీసుకెళ్లాడు.

మరిది ఆమెను అందరి ముందూ కడిగేశాడు. "బయట కొన్న బోర్డుతో పదేళ్లు ఒక్క మాట పడలేదు. నువ్వు గీస్తానన్నావు, గీయించాను. సోమవారం నుంచి మళ్లీ పాత బోర్డే. నువ్వు ప్యాకింగ్ చూసుకో."

ఆమె తల ఊపింది. ఎదురు చెప్పలేదు. ప్రోగ్రాములో లోపం నిజమే, ఆ మేరకు తప్పు ఆమెదే. నేను ఆ కొంచెం నిజం వెనక దాక్కున్నాను. సెన్సర్ ఎందుకు చచ్చిందో అడిగినవాళ్లు లేరు, ఆమె తప్ప.

ఆ సాయంత్రం అందరూ లేచాక కూడా ఆమె ఆ పెట్టె ముందే కూర్చుంది. చచ్చిన సెన్సర్ తీసేసి, తీగ మీద మీటరు పెట్టింది. చూసింది. మళ్లీ పెట్టింది. నోటుబుక్కులో ఏదో రాసుకుంది.

"సెన్సర్ వైపు నాలుగు పాయింట్ ఒకటి ఉంది అత్తయ్యా. మూడు పాయింట్ మూడు ఉండాలి. మీరు మెట్టు పెట్టారుగా?"

"పెట్టాను" అన్నాను.

"మీరు పెడితే బాగానే పెట్టి ఉంటారు. నేను ఎంచుకున్న రకమే మంచిది కాదేమో. రేపు పొద్దున్నే ఆ గొట్టం కోసి చూస్తాను."

ఇంటికొచ్చాక ఆమె భోజనం ముందు కూర్చుని లేచిపోయింది. వంటగదిలో గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరగకుండానే అంది. "నాకీ పని రాదేమో అత్తయ్యా. వచ్చనుకున్నానేమో ఇన్నాళ్లూ."

నేను వెనక నుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. "కొత్తలో అందరికీ అవుతుంది. తప్పు చెయ్యనివాళ్లెవరు? మీ మామయ్య ఎన్ని రేడియోలు తగలబెట్టాడో నీకేం తెలుసు?" అన్నాను.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నా చెయ్యి మీద తడి చెయ్యి వేసింది.

నా తప్పుకి నేను ఆమెను క్షమించాను. ఎంత పెద్దమనిషి తరహాగా క్షమించానో తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్లు కుంచించుకుపోతుంది.

వర్క్‌షాపు తాళం నా దగ్గరే ఉంటుంది. తెల్లారగానే ముందు నేనే వెళ్లాను. కొత్తగా వచ్చిన మెట్లలోంచి ఒకటి తీసుకున్నాను. నల్ల గొట్టం కోసి, అతుకు విడదీసి, భూతద్దం దగ్గరికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో కాలూ వెతుక్కుంటూ అతికాను. కుడి కన్ను ఒక్కదానితో గంట పైన పట్టింది. చక్కగా వచ్చింది. ఆ రోజున ఈపాటి ఓపిక పట్టి ఉంటే సరిపోయేదని అప్పుడు తెలిసింది. కొత్త గొట్టం తొడిగాను. గుమ్మం ఊడ్చి, ఏమీ ఎరగనట్టు నా బల్ల దగ్గర కూర్చున్నాను.

ఇలా చేస్తే అంతా సర్దుకుంటుందని నిజంగానే అనుకున్నాను. మెట్టు బాగుందని తేలుతుంది, సెన్సరే నాసిదని అనుకుంటారు, కోడలికి సగం నింద తప్పుతుంది. ఇలా లెక్క వేసుకున్నాను. ఆమె నోటుబుక్కులో రాసుకున్న అంకె నా లెక్కలోకి రాలేదు.

ఆమె వచ్చి, సంచి కూడా దించకుండా బ్లేడుతో గొట్టం కోసింది. మెట్టుని వెలుగులోకి తిప్పి చూసింది.

"ఎంత బాగా అతికారు అత్తయ్యా! ఇప్పుడే పెట్టినట్టు మెరుస్తోంది."

నేను నా బల్ల మీది తీగముక్కలు ఏరుతూ కూర్చున్నాను.

మీటరు పెట్టింది. మూడు పాయింట్ మూడు. తీసి మళ్లీ పెట్టింది. మీటరు మార్చింది. మూడు పాయింట్ మూడు. నోటుబుక్కు తీసి నిన్నటి పేజీ చూసింది. మీటరు వైపు చూసింది. ఆమె ముఖంలో అలాంటి కంగారు నేనెప్పుడూ చూడలేదు. తిట్లు తిన్నప్పుడు కూడా లేదు.

అప్పుడే మరిది వచ్చాడు. "ఏం తేలింది?"

"నిన్న నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది మామయ్యా. ఇవాళ సరిగ్గా వస్తోంది. మెట్టు కూడా బాగుంది."

"నిన్న ఒకటీ ఇవాళ ఒకటీ చూపించడానికి అదేమన్నా వాతావరణమా? బోర్డు గీయడం సంగతి అటుంచు. కొలవడం కూడా రాదన్నమాట."

పొడుగాయన మూతలు బిగించడం ఆపాడు. ఆమె "అవునేమో. నిన్న మనసు బాగాలేదు. మీటరు వేరే చోట పెట్టి ఉంటాను. కళ్లతో చూశాననుకున్నాను మరి" అంది. పెన్ను తీసి, ఆ అంకె మీద ఒక గీత గీసింది. రెండో గీత గీయబోయింది.

"కొట్టెయ్యకు" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"ఆ అంకె నిజమే. నువ్వు సరిగానే కొలిచావు. నిన్న అందులో మెట్టు లేదు. ఈ మెట్టు పొద్దున నేను పెట్టాను."

మరిది నవ్వబోయాడు. "ఏంటి వదినా, కోడల్ని వెనకేసుకొస్తున్నావా?"

"లేదు. ఆ రోజు వ్యాను వచ్చినప్పుడు మూడు మెట్లు పాడుచేశాను. కళ్లు కనబడటం లేదు. తీగలు తిన్నగా కలిపేసి గొట్టం తొడిగాను. కాగితం మీద పెట్టానని రాశాను."

చెప్పడానికి అంతే పట్టింది. టీ చల్లారేంత సేపు కూడా కాదు. మరిది ముఖంలో నవ్వు అలాగే ఆగి, మెల్లగా వికారంగా మారిపోయింది. ఆయన ఏదైనా అంటాడని ఎదురుచూశాను. అనలేదు. అంటే బాగుండేది. లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

కోడలు పెన్ను బల్ల మీద పెట్టింది.

"మూడా?"

"మూడు."

"మిగతా రెండూ ఎవరి దగ్గరున్నాయి?"

చెప్పాను. ఒకటి బాతులు పెంచే దంపతుల దగ్గర, ఒకటి కౌజు పిట్టలు పెంచే ముసలాయన దగ్గర. ఆమె ఫోన్ తీసి అప్పుడే ఇద్దరికీ చేసింది. లోపల విడిగా ఒక థర్మామీటరు పెట్టి చూస్తూ ఉండమని, తాము వచ్చేదాకా డిస్‌ప్లేని నమ్మొద్దని చెప్పింది. గొంతులో ఏ తేడా లేదు. ఫోన్ పెట్టేశాక అంది.

"నిన్న వంటగదిలో మీరు నన్ను ఓదార్చారు అత్తయ్యా."

నేల వైపు చూశాను.

"మెట్టు పెట్టలేదంటే నేనేమీ అనుకోను. కళ్లు కనబడకపోతే ఎవరు మాత్రం పెట్టగలరు? కానీ పొద్దున్నే వచ్చి దాన్ని మార్చారు. నాకు పిచ్చి పట్టిందేమో అనుకున్నాను నేను." రెండు మెట్లు, రెండు కొత్త సెన్సర్లు, సోల్డరింగ్ ఐరన్, మీటరు సంచిలో సర్దుకుంది.

"నేనూ వస్తాను" అన్నాను.

"మీరు రావాలి. ఎవరు చేశారో వాళ్లకి తెలియాలి కదా."

కౌజు పిట్టల ఆయన పెట్టెలో ఇంకా గుడ్లు పెట్టనే లేదు. అది ఖాళీగా నడుస్తోంది. "మంచిపని చేశారు, నా బద్ధకం కూడా ఒకందుకు పనికొచ్చింది" అని నవ్వాడాయన. బాతులవాళ్ల పెట్టె నిండుగా ఉంది, సెన్సర్ ఇంకా బతికే ఉంది. ఆమె పది నిమిషాల్లో మెట్టు పెట్టి, సెన్సర్ మార్చి, మీటరు పెట్టి చూసింది. గుడ్లు చల్లారకుండా నేను దుప్పటి కప్పి పట్టుకున్నాను. ఇద్దరి దగ్గరా నేనే చెప్పాను. చెప్పేకొద్దీ తేలికవుతుందనుకున్నాను. కాలేదు. రెండోసారి ఇంకా కష్టంగా ఉంది.

కోళ్లావిడ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. పెరట్లో కడిగిన ట్రేలు ఎండలో బోర్లించి ఉన్నాయి. మమ్మల్ని చూసి కుర్చీలు వెయ్యబోయింది. నేను కూర్చోలేదు.

"ఈ అమ్మాయిది కాదు తప్పు. నాది" అని మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. పొద్దున్న మార్చిన సంగతి కూడా దాచలేదు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ విన్నది.

"కళ్లు కనబడటం లేదని ఒక్క మాట చెబితే పోయేది కదమ్మా" అంది. "మా అమ్మకీ అంతే. సూదిలో దారం ఎక్కించలేక, ఎక్కించానని చెప్పి వట్టి సూదితో కుట్టేది." నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "కానీ మా అమ్మ కుట్టు వల్ల ఎవరూ చావలేదు."

అవునన్నాను.

"సంతకం చేశారు కదా? ఆ కాగితం పెట్టెతో పాటు నాకూ ఇచ్చారు. అది చూసి ఎవరో పెద్దావిడ జాగ్రత్తగా చేసిందనుకున్నాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి."

కోడలు మా ఇద్దరి మధ్యకి వచ్చి, కొత్త గుడ్లు పెట్టే రోజు పెట్టె తనే తెచ్చి బిగిస్తాననీ, సెన్సర్ ఆగితే హీటర్ ఆగేలా ప్రోగ్రాము మార్చి తెస్తాననీ చెప్పింది. "ఆ బోర్డు నీదేనా?" అని అడిగింది ఆవిడ. "నాదేనండీ" అంది కోడలు. ఆ రెండు ముక్కలూ అన్నప్పుడు ఆమె వెన్ను నిటారుగా ఉంది.

మరిది సోమవారం పాత బోర్డుల మాట ఎత్తలేదు. నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మాత్రం ఆయనే. దారంతా మాట్లాడలేదు. ఇప్పుడు నేను పొడుగాయన పక్కన మూతలు బిగిస్తున్నాను. "రండి రండి, ఇక్కడ మెట్లు లేవు, జారి పడరు" అన్నాడాయన మొదటి రోజు. ఆయన ఒక్కడే నాతో మునుపటిలా మాట్లాడేది.

ఆ రోజు కోళ్లావిడ ఇంటి నుంచి బస్సులో తిరిగొచ్చాం. మధ్యాహ్నం కదా, బస్సు సగానికి పైగా ఖాళీ. నేను ముందు ఎక్కి, కిటికీ వైపు జరిగి కూర్చున్నాను. కోడలు ఎక్కి, నా సీటు దాటి వెళ్లి, రెండు వరసల వెనక కూర్చుంది. నేను వెనక్కి తిరగలేదు. నా ఒళ్లో పనిముట్ల సంచి బరువుగా ఉంది, మోకాళ్లు నొప్పి పుడుతున్నాయి. పక్క సీటు మీద పెట్టుకోవచ్చు. పెట్టలేదు. మా స్టాపు దాకా ఆ సీటు అలాగే ఖాళీగా ఉంచాను.